మూలన పడ్డ ఇంకు పెన్నుతో మళ్లీ రాయడం ఎలా?

రోజంతా ఫోన్ చూసి చూసి కళ్లు మండుతున్నాయంటే సాయంత్రం ఓ అరగంట కాగితం మీద రాసి చూడండి. కొత్త పెన్ను కొనక్కర్లేదు. ముందు బీరువా వెతకండి. మా నాన్నగారి పెన్ను నాకు పాత ఎల్‌ఐసీ డైరీల కింద దొరికింది. రాజమండ్రి రత్నం పెన్ను, ఎబొనైట్‌ది, అంటే గట్టిపరిచిన రబ్బరుది. స్వదేశీ ఉద్యమ కాలంలో మొదలైన ఆ పెన్నులను ఇప్పటికీ చేత్తోనే చేస్తారు.

పాత పెన్ను మూత, మర బిగుసుకుపోయి ఉంటాయి. పటకారు మాత్రం పెట్టకండి, పగులుతుంది. మూత వస్తే పాళీ మునిగేంత వరకే చల్లటి నీళ్లలో నిలబెట్టండి. వేడినీళ్లు పోస్తే ఎబొనైట్ రంగు వెలిసిపోతుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి ఫిల్టర్ నీళ్లు వాడండి. కాసేపటికి పాళీ కొసనుంచి సిరా నీలం దారంలా గ్లాసు అడుగుకి దిగుతుంది. ఎన్నేళ్ల కిందటి సిరానో! నాకైతే ఆ దారం చూస్తూ కూర్చోవాలనిపించింది. నీళ్లు తేటపడేదాకా మారుస్తూ ఉండండి, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. తర్వాత మెత్తటి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.

డ్రాపర్‌తో ఇంకు పోసే పెన్నయితే గొట్టం దాదాపు నిండా పోయండి. సగమే ఉంటే చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఇంకును బయటికి తోస్తుంది. పెన్ను కక్కేది అందుకే. మరకు కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే కారదు. వాజలీన్ వద్దు. ఫౌంటెన్ పెన్ను ఇంకే పోయండి. బొమ్మలు వేసే ఇండియన్ ఇంకు పోస్తే లోపల గడ్డకడుతుంది.

రాసేటప్పుడు బాల్‌పెన్నులా నొక్కకండి. పాళీని వాల్చి పట్టుకుంటే దాని బరువుకే రాస్తుంది. పల్చటి కాగితం మీద ఇంకు పాకుతుంది, కనీసం 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు) అయినా ఉండాలి.

పాళీ వంగిపోయి ఉంటే మీరు సరిచేయబోకండి. హైదరాబాద్ అబిడ్స్‌లో డెక్కన్ పెన్ స్టోర్స్ లాంటి పాత షాపుకి పెన్నునే తీసుకెళ్లి చూపించండి. ఆదివారమైతే షాపు తెరిచి ఉంటుందో లేదో కనుక్కుని వెళ్లండి, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలూ చూసి రావచ్చు.

రెండు వారాలు రాయకపోతే ఇంకు తీసేసి కడిగిపెట్టండి. ఏప్రిల్, మే ఎండల్లో అయితే వారానికే ఎండిపోతుంది.