జట్టులో పొత్తు కుదరనప్పుడు: ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లలో చాలా ఏళ్లుగా సూపర్‌వైజర్‌గా ఉన్నాను. అనంతపురం జిల్లాలోనే ఉన్నా, మా ఊరికి బళ్ళారి ఇంకా దగ్గర. ఒక ప్యాంటు తయారై బయటికి వెళ్లేలోపు కటింగ్, కుట్టు, చెకింగ్, ప్యాకింగ్ అంటూ ఎన్నో చేతులు మారుతుంది. ఒక్క చోట ఇద్దరికి పొసగకపోయినా సరుకు ఆగిపోతుంది. మనుషుల తీరు తెలిస్తే ఆ చిక్కులు చాలా వరకు విడిపోతాయని నా అనుభవం. మీది బట్టల యూనిట్ కాకపోయినా ఈ వరుసలోనే చూడండి. మొదటి మెట్టు మాత్రం దాటవేయకండి.

మొదటి మెట్టు: అసలు ఇది స్వభావమేనా?

లక్షణం: ఒకరి పనిలో పదేపదే తప్పు వస్తోంది. "ఆమెకు శ్రద్ధ లేదు" అని అందరూ తీర్మానించేశారు.

మా దగ్గర ఒక అక్క కుట్టిన ప్యాంట్లలో నడుము పట్టీ దగ్గర కుట్లు తప్పేవి. మూడు వారాల పాటు ఆమెను మందలిస్తూ వచ్చాను. చివరికి మెకానిక్ వచ్చి చూస్తే, మందపాటి డెనిమ్‌కు 18వ నంబరు సూది ఉండాల్సిన చోట 14వ నంబరు సూది ఉంది. సూది మార్చాక ఆ సాయంత్రానికే కుట్టు కుదిరింది. నేను అన్న మాటలను మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాను. ఆమె ఇప్పటికీ నాతో అవసరమైనంతే మాట్లాడుతుంది.

కారణం: మనం తప్పు చేస్తే పరిస్థితులు అలా వచ్చాయంటాం, పక్కవారు చేస్తే వారి గుణమే అంత అంటాం. పక్కవారి గుణాన్నే తప్పుపట్టే ఈ పొరపాటుకు సామాజిక మనస్తత్వవేత్త లీ రాస్ 1977లో 'ఫండమెంటల్ అట్రిబ్యూషన్ ఎర్రర్' అని పేరు పెట్టారు. పేరు గుర్తుండకపోయినా ఫరవాలేదు, సూది గుర్తుంటే చాలు.

పరిష్కారం: ఒక రోజు ఆ మనిషిని వేరే మిషన్ మీద, వేరొకరిని ఆ మిషన్ మీద కూర్చోబెట్టండి. తప్పు మిషన్ దగ్గరే ఉండిపోతే అది మనిషిది కాదు. మనిషి వెంటే వెళ్లినా తొందరపడవద్దు. వెలుతురు సరిపోతోందా, పీసు లెక్కన ఇచ్చే కూలి హడావుడి పెడుతోందా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అన్నవి కూడా అడిగి తెలుసుకోండి. ఇవన్నీ చూశాకే స్వభావం దగ్గరికి రండి.

అందరూ తలూపారు, పని మాత్రం వేరేలా జరిగింది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే చిక్కు ఇదే, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఉదయం నిలబడి పది నిమిషాలు మాట్లాడుకుంటాం. ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు, మిగతావారు సరేనంటారు. సాయంత్రానికి జేబులు ఒక కొలతలో, ఫ్లాపులు మరో కొలతలో తేలుతాయి. "అప్పుడే నాకు అనుమానం వచ్చిందన్నా" అని ఒకరు నెమ్మదిగా చెబుతారు. మౌనం అర్ధాంగీకారం అనే మాటను పని చేసే చోట నమ్మకూడదు.

ఈ మౌనానికి కనీసం మూడు కారణాలుంటాయి, మూడింటికీ మందు ఒకటి కాదు.

కొందరు లోపల ఆలోచించుకున్నాకే మాట్లాడతారు, కొందరికి మాట్లాడుతుంటేనే ఆలోచన వస్తుంది. అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే విభజనను స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో వివరంగా రాశారు. అంతర్ముఖులంటే పిరికివారు కారు, వారికి కాస్త సమయం కావాలి, అంతే. రేపు మాట్లాడబోయే విషయాన్ని ముందు రోజు సాయంత్రమే చెప్పండి. ఒక నమూనా ప్యాంటు చేతికిచ్చి, "ఇందులో ఎక్కడ ఇబ్బంది రావచ్చో చూసి రేపు చెప్పమ్మా" అనండి. మర్నాడు ఆమె చెప్పేది వినండి.

రెండో కారణం భయం. పెద్దవారు ఒక మాట అన్నాక ఎదురు చెప్పడం మర్యాద కాదనే పెంపకం మనది. యజమాని ముందుగా తన అభిప్రాయం చెప్పేస్తే మాటలకు అక్కడితో తలుపు మూసినట్టే. కాబట్టి అందరికంటే చిన్నవారిని మొదట అడగండి, యజమాని చివర మాట్లాడాలి. తప్పు ఎత్తిచూపితే తనకు కీడు జరగదనే నమ్మకం ఉన్న జట్లు మెరుగ్గా నేర్చుకుంటాయని అమెరికా పరిశోధకురాలు ఆమీ ఎడ్మండ్‌సన్ 1999లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. ఆ నమ్మకం మాటలతో రాదు. మొదటిసారి తప్పు చెప్పిన మనిషికి ఏం జరిగిందో మిగతావారంతా గమనిస్తూనే ఉంటారు.

మూడోది మా సరిహద్దు ఊళ్లకు ప్రత్యేకం. ఇంట్లో కన్నడం మాట్లాడేవారు మా దగ్గర పనిచేస్తారు. గబగబా సాగే తెలుగు మాటల్లో వారు వెనకబడితే, దాన్ని మెతకతనం అనుకుంటాం. ఒక్క వాక్యం కన్నడంలో అడిగి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇద్దరు మంచి పనివాళ్లు, రోజూ గొడవ

మా కటింగ్ మాస్టరు ప్రతిదీ రెండుసార్లు కొలుస్తారు. లైను చూసే అబ్బాయికి గడియారమే లోకం. దసరా డెలివరీలు వచ్చాయంటే ఒకరు "ఆగు" అంటారు, మరొకరు "కానివ్వండి మాస్టారూ" అంటారు. వీరిలో తప్పు ఎవరిదని తేల్చబోతే ఇద్దరినీ పోగొట్టుకుంటాం, ఎందుకంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

నేను పట్టుకున్న కీలకం ఒక్కటే: ఏ పనిని వెనక్కి తిప్పలేం? ఒక్కసారి కత్తి పడితే పదుల పొరల బట్ట కోసుకుపోతుంది, దాన్ని మళ్లీ అతికించలేం. అక్కడ నిదానస్థుడి మాటే చెల్లాలి. వంకరగా పడిన లేబుల్‌ను విప్పి కుట్టవచ్చు, తప్పు కట్టిన ప్యాకింగ్‌ను మార్చవచ్చు. అక్కడ వేగం మనిషి మాట చెల్లాలి. ఈ హద్దును ఇద్దరి ముందూ గీసి, కాగితం మీద రాసి గోడకు అంటించాం. తరువాత కూడా వారు వాదించుకుంటూనే ఉన్నారు, కానీ ఆ వాదన ఇప్పుడు పని గురించి.

ఎప్పుడూ "సరే" అనే మనిషి

కాదనడం చేతకాని మంచి మనిషి దగ్గర అందరి పనీ పేరుకుపోతుంది. ఒక రోజు అతను సెలవు పెడతాడు, లేదా మానేస్తాడు. ఎదుటివారిని నొప్పించలేకపోవడం ఒక స్వభావం, దానికి జీతం పెంచడం మందు కాదు. "ఇది చేస్తావా?" అని అడిగితే అతని నోట వచ్చే జవాబు ఒక్కటే. "ఇది తీసుకుంటే చేతిలో ఉన్న ఏ పని పక్కన పెడతావు?" అని అడగండి.

తప్పులే వెతికే మనిషి

ఇలాంటి వారిని సరుకు తయారయ్యాక కాదు, శాంపిల్ దశలోనే పిలవండి. చివర్లో చెబితే నస అనిపించే మాట, మొదట్లో చెబితే డబ్బు మిగులుస్తుంది. జట్ల పనితీరును పరిశోధించిన మెరెడిత్ బెల్బిన్ జట్టుకు కావలసిన తొమ్మిది పాత్రలు చెప్పారు. నిష్పక్షపాతంగా లోపాలు తూచి చెప్పే పాత్ర వాటిలో ఒకటి.

పరీక్ష పెట్టాం, ఏమీ మారలేదు

ఇటీవల కొన్ని ఆఫీసుల్లో వ్యక్తిత్వ పరీక్షలు పెడుతున్నారు. ఎక్కువగా వినిపించేది కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ రూపొందించిన 16 రకాల పద్ధతి. దానితో ఇబ్బంది ఏమిటంటే, కొన్ని వారాల తరువాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుంది. మనుషులు ఎక్కువమంది రెండు కొసల్లో కాకుండా మధ్యలో ఉంటారు, ఒక రకాన్ని మరో రకం నుంచి విడదీసే గీతకు ఇవతలో అవతలో పడటం ఆ రోజు జవాబులను బట్టి ఉంటుంది. పరిశోధకులు ఎక్కువగా వాడే అయిదు లక్షణాల పద్ధతి మనిషిని పెట్టెలో పెట్టకుండా కొలబద్ద మీద చూపుతుంది.

పరిష్కారం: ఫలితాలను పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడానికే వాడండి. ఉద్యోగం ఇవ్వడానికి, పదోన్నతికి వద్దు. ఆ 16 రకాల పరీక్షను ప్రచారం చేసే సంస్థ కూడా ఉద్యోగుల ఎంపికకు వాడవద్దనే చెబుతుంది. "నేను ఈ రకం, నాకు లెక్కలు రాసే అలవాటు లేదు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లెక్క ఎలా రాయాలనేది వారికి నచ్చిన తీరులో ఉండవచ్చు, రాయడం మాత్రం తప్పదు.

కొత్త జట్టు, రెండో నెలలో కీచులాటలు

చాలా జట్లలో ఇది మామూలే. జట్లు కలిసే దశ, కొట్లాడే దశ, కుదురుకునే దశ, పని సాగే దశ దాటుతాయని మనస్తత్వ పరిశోధకుడు బ్రూస్ టక్‌మన్ 1965లో రాశారు. ఈ కొట్లాడే దశలో మనుషులను అటూ ఇటూ మార్చకండి, మార్చిన ప్రతిసారీ కథ మొదటికొస్తుంది. ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మరోసారి చెప్పి, ఒక నెల ఆగండి. అప్పటికీ అదే విషయం మీద అదే ఇద్దరు తగువాడుతుంటే, ఇద్దరినీ విడివిడిగా టీకి పిలిచి, ఎదుటివారు చేసే పనిలో తమకు అడ్డుపడేది ఏదో ఒక్కటి చెప్పమనండి.