తిరుపతి నుంచి గోముఖ్: కరిగిపోతున్న గంగోత్రి మంచును పిల్లలకు చూపించాలంటే

ముందు ఈ ఒక్క సంగతి తెలుసుకుని బయల్దేరండి. కారు గంగోత్రి గుడి దాకానే పోతుంది, గంగ పుట్టే హిమానీనదం అక్కడికి కనపడదు. ఆ హిమానీనదం అంచైన గోముఖ్ వరకు ఇంకో 18 కిలోమీటర్లు నడవాలి, మళ్లీ అంతే వెనక్కి.

సొంత కారులో రిషికేశ్ వరకు రెండు వేల కిలోమీటర్ల పైమాటే. నా మాట వింటే సంపర్క్ క్రాంతి రైల్లో ఢిల్లీ చేరి, హరిద్వార్‌లోనో రిషికేశ్‌లోనో అక్కడి డ్రైవరుతో బండి మాట్లాడుకోండి. ఘాట్ రోడ్డు మనకేం కొత్త అనుకుంటాం గానీ, తిరుమలకు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు, ఎదురుగా బండి రాదు. అక్కడ చంబా, ఉత్తరకాశీ మీదుగా దాదాపు 250 కిలోమీటర్లు, ఎన్నో చోట్ల ఒకపక్క లోయ, ఎదురుగా బస్సులు.

జులై, ఆగస్టుల్లో అసలు వద్దు. 2025 ఆగస్టు 5న వరద ముంచేసిన ధరాలీ ఈ దారిలోనే, హర్సిల్ పక్కనే ఉంది. మే చివర నుంచి జూన్ మొదటి వారాలు, లేదంటే సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో వెళ్లండి. దీపావళి అయిపోగానే చలికాలానికి గుడి మూసేస్తారు.

తిరుమల గుడి ఉన్నచోటు వెయ్యి మీటర్ల ఎత్తు కూడా లేదు, గంగోత్రి మూడు వేలు దాటుతుంది, గోముఖ్ నాలుగు వేలకు దగ్గర. అందుకే ఉత్తరకాశీలో ఒక రాత్రి, హర్సిల్‌లో ఒక రాత్రి ఆగాల్సిందే, సెలవులు లేవని ఈ రెండు రాత్రులూ తగ్గించొద్దు. తలనొప్పి, వాంతులు మొదలైతే పడుకుంటే తగ్గుతుందిలే అనుకోకుండా కిందికి దిగిపోండి. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు, చిన్నపిల్లలు గంగోత్రిలోనే ఉండిపోవడం మంచిది, వాళ్లకు తోడుగా ఒకరు ఆగాలి.

చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ కాకుండా, గోముఖ్‌కు అటవీశాఖ పర్మిట్ వేరే కావాలి, రోజుకు 150 మందికే ఇస్తారు కాబట్టి ముందే చూసుకోండి. నడక అలవాటుకు రెండు నెలల ముందు నుంచి వారానికోసారి అలిపిరి మెట్లెక్కండి. ఆ 3,550 మెట్ల దారి అంతా కలిపి తొమ్మిది కిలోమీటర్లే, గోముఖ్‌కు ఒకవైపు దూరంలో అది సగం. స్వెటర్లతో పాటు చెనక్కాయల పొడి కూడా సర్దుకోండి, అక్కడ ఎక్కువగా దొరికేది రొట్టె, మ్యాగీ.

నడకదారిలో వచ్చే చీర్‌బాసా దాటి భోజ్‌బాసాలో రాత్రి ఉండి, మర్నాడు పొద్దున్నే గోముఖ్‌కు పోవాలి. తెల్లగా మెరిసే కొండ కనిపిస్తుందని పిల్లలకు చెప్పొద్దు, మీదంతా మట్టీ రాళ్లూ కప్పేసి బూడిదరంగులో ఉంటుంది. చలికాలంలో పడే మంచు వేసవిలో కరిగేదాన్ని పూడ్చలేకపోతోంది. 1996 నుంచి 1999 లోపే హిమానీనదం అంచు 76 మీటర్లు వెనక్కి జరిగింది. దారిలో, ఒకప్పుడు మంచు అంచు ఎక్కడుండేదో చెప్పే సంవత్సరాలు రాసిన రాళ్లున్నాయి. అక్కడ తొందరపడొద్దు. ఒక రాయి దగ్గర నుంచి ఇప్పటి మంచు వరకు ఎన్ని అడుగులో పిల్లల చేతే లెక్కపెట్టించండి, కానీ మంచు గోడకు దూరంగానే ఆపేయండి, పైనుంచి పెళ్లలు విరిగి పడుతుంటాయి.