స్మార్ట్ థర్మోస్టాట్ బిగించాక బాయిలర్ వెలగకపోతే, ఆగకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

గోడ మీది థర్మోస్టాట్ బాయిలర్‌ని (రేడియేటర్లకీ, కుళాయిలకీ నీళ్ళు కాచే గ్యాస్ యంత్రాన్ని) నేరుగా వెలిగించదు. అది రేడియో ద్వారా రిసీవర్‌కి కబురు పంపుతుంది. రిసీవర్‌లోని రిలే, అంటే కరెంటుతో కదిలే స్విచ్, టిక్కుమని కలుస్తుంది. దాంతో ఫేజ్ (230 వోల్టుల లైవ్ కరెంటు) మోటారు వాల్వుకి వెళ్తుంది. వాల్వు పూర్తిగా తెరుచుకున్నాక దాని లోపలి చిన్న స్విచ్ కలిసి, అప్పుడు బాయిలర్‌కి ఫేజ్ అందుతుంది. వేడినీళ్ళ వైపు అయితే మధ్యలో ట్యాంకు థర్మోస్టాట్ కూడా ఉంటుంది. ఏ సమస్య వచ్చినా ఈ వరసలో 230 వోల్టులు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయాయో పట్టుకోవాలి. అది పట్టుకోకుండా కొత్త పెట్టె చెడిపోయిందని వాపసు పంపితే, దాని బదులు వచ్చేదీ అలాగే మొండికేస్తుంది.

ఇక్కడ చెప్పేవన్నీ బ్రిటన్ ఇళ్ళలో ఉండే ఏర్పాట్ల గురించి. ట్యాంకు లేని కాంబి బాయిలర్ ఒకటి. హీటింగ్‌కి ఒకటి, వేడినీళ్ళకి ఒకటి చొప్పున రెండు వాల్వులుండే ఎస్-ప్లాన్ రెండోది. రెండు పనులూ ఒకే మూడు దారుల వాల్వు చేసే వై-ప్లాన్ మూడోది.

పని మొదలుపెట్టే ముందు

బాయిలర్‌కీ, కంట్రోళ్ళకీ కరెంటు ఇచ్చే స్పర్ (ఫ్యూజు ఉండే గోడ స్విచ్) లోంచి 3 ఆంపియర్ల ఫ్యూజు తీసి జేబులో వేసుకోండి. స్విచ్ ఆపి వదిలేస్తే ఇంట్లో ఎవరో ఒకరు వేసేస్తారు. స్క్రూడ్రైవర్ టెస్టర్‌ని నమ్మొద్దు. రెండు మొనల వోల్టేజి టెస్టర్‌ని ముందు కరెంటు ఉన్నచోట పెట్టి చూసి, తర్వాత ఇక్కడ పరీక్షించి, మళ్ళీ కరెంటు ఉన్నచోట చూడండి. కరెంటు ఉండగా కొలవడం అలవాటు లేకపోతే ఆ పని ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి. బాయిలర్ కవరు విప్పడం గ్యాస్ పనికి అర్హత ఉన్నవాళ్ళే చేయాలి.

పాత ప్రోగ్రామర్ (టైమర్) వైర్లు విప్పే ముందు ఫోటో తీసి, ప్రతి వైరుకీ అది ఏ టెర్మినల్లో ఉందో ఆ నంబరు చీటీ అంటించండి. రంగుని బట్టి తేల్చుకోవద్దు. పాత గది థర్మోస్టాట్‌కి వెళ్ళే కేబుల్లో నీలం వైరు న్యూట్రల్ కాకుండా బాయిలర్‌కి తిరిగివెళ్ళే ఫేజ్ కావచ్చు. నంబర్లున్న మామూలు బ్యాక్‌ప్లేట్‌లో (ప్రోగ్రామర్ వెనక గోడకి ఉండే పలకలో) ఎన్ (న్యూట్రల్), ఎల్ (ఫేజ్) తర్వాత 1 వేడినీళ్ళు ఆఫ్, 2 హీటింగ్ ఆఫ్, 3 వేడినీళ్ళు ఆన్, 4 హీటింగ్ ఆన్.

రిసీవర్ లైటు వెలిగింది, టిక్కుమంది, బాయిలర్ మాత్రం కదల్లేదు

చాలా రిసీవర్లలో రిలే కాంటాక్టులకి లోపల కరెంటు ఇచ్చి ఉండదు. అది ఉత్త స్విచ్. ఎల్ నుంచి ‘కామన్’ టెర్మినల్‌కి చిన్న వైరు ముక్కతో లింకు వేయాలి. హీటింగ్‌కి ఒకటి, వేడినీళ్ళకి ఇంకొకటి. ఒకటి వేసి రెండోది మరిచిపోతే ఒకటే పనిచేస్తుంది. కాంబిలో మాత్రం ఈ లింకు వేసే ముందు బాయిలర్ మాన్యువల్ చూడండి, కారణం కింద ఉంది.

లింకు ఉన్నా ఫలితం లేకపోతే కొలుచుకుంటూ ముందుకు వెళ్ళండి. రిసీవర్ ‘కోరిక’ టెర్మినల్లో, అంటే ఆన్ అయినప్పుడు ఫేజ్ బయటికి వచ్చేచోట, 230 ఉందా? ఎస్-ప్లాన్ అయితే వాల్వు గోధుమరంగు వైరులో ఉందా? రిసీవర్ దగ్గర ఉండి వాల్వు దగ్గర లేకపోతే, దారిలో పాత గది థర్మోస్టాట్ ఇంకా కూర్చుని ఉందన్నమాట. దాన్ని తీసేసి, దాని ఫేజ్‌నీ, తిరిగివచ్చే ఫేజ్‌నీ ఒకదానితో ఒకటి కలపాలి. న్యూట్రల్ ఉంటే విడిగా కనెక్టర్లో మూసేయాలి. గోధుమరంగులో ఉండి, వాల్వు తెరుచుకునేదాకా ఆగినా బాయిలర్‌కి వెళ్ళే నారింజ వైరులో రాకపోతే, ముందు లోపలి స్విచ్‌కి ఫేజ్ తెచ్చే బూడిదరంగు వైరులో అది ఉందో లేదో చూడండి. ఉంటే వాల్వు మోటారో, లోపలి స్విచ్చో పోయింది. చాలా వాల్వులకి పై భాగం మాత్రమే మార్చుకోవచ్చు, నీళ్ళు దింపక్కర్లేదు.

ఒక జాగ్రత్త. ఎస్-ప్లాన్ వాల్వులో బూడిదరంగు వైరుకి అన్నీ ఆపి ఉన్నా ఫేజ్ ఉంటుంది. హీటింగ్ ఆఫ్‌లో ఉంది కదా అని చెయ్యి పెట్టొద్దు.

వేడినీళ్ళు ఆన్‌లో ఉంటేనే హీటింగ్ వస్తోంది

ఇది వై-ప్లాన్ ఇళ్ళలో వచ్చే సమస్య. పొద్దున వేడినీళ్ళ టైములో రేడియేటర్లు బాగానే కాగుతాయి. మధ్యాహ్నం హీటింగ్ ఒక్కటే అడిగితే బాయిలర్ ఉలకదు, పలకదు. థర్మోస్టాట్‌నీ, వైఫైనీ అనుమానించి రోజులు గడుపుతారు. నిజానికి ఒక్క వైరు తక్కువైంది, అంతే.

మూడు దారుల వాల్వులో తెల్ల వైరు ‘హీటింగ్ కావాలి’ అనీ, బూడిదరంగు వైరు ‘వేడినీళ్ళు వద్దు’ అనీ చెబుతాయి. నారింజ వైరు బాయిలర్‌కి వెళ్తుంది. తెలుపు ఒక్కదానికే ఫేజ్ వస్తే వాల్వు మధ్యలో ఆగి రెండు దారులూ తెరుస్తుంది. ఆ స్థితిలో వాల్వు బాయిలర్‌ని వెలిగించదు, ట్యాంకు థర్మోస్టాట్ అడిగితేనే బాయిలర్ వెలుగుతుంది. తెలుపు, బూడిద రెండింటికీ ఫేజ్ వచ్చినప్పుడు వాల్వు పూర్తిగా హీటింగ్ వైపు తిరిగి, లోపలి స్విచ్ నారింజకి ఫేజ్ ఇస్తుంది. వేడినీళ్ళు ఆన్‌లో ఉండి ట్యాంకు కాగిపోతే ఆ బూడిద ఫేజ్ ట్యాంకు థర్మోస్టాట్ నుంచి వస్తుంది. వేడినీళ్ళు ఆఫ్‌లో ఉంటే రిసీవరే ఇవ్వాలి.

అందుకే రిసీవర్‌లో 1వ టెర్మినల్, లేదా వేడినీళ్ళ ‘శాటిస్‌ఫైడ్’ టెర్మినల్ ఖాళీగా ఉండకూడదు. అక్కడినుంచి వైరింగ్ సెంటర్లో (వైర్లన్నీ కలిసే పెట్టెలో) బూడిద వైరు ఉన్న జాయింటుకి ఒక వైరు వేయండి. ట్యాంకు చల్లగా ఉన్నప్పుడు వేడినీళ్ళు ఆఫ్, హీటింగ్ ఆన్ చేసి బూడిదలో 230 వచ్చిందేమో చూడండి. వచ్చిందంటే సరిపోయింది. ఎస్-ప్లాన్‌కి ఈ వైరు అక్కర్లేదు. అక్కడ పని నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ మరిచిపోవడం సహజమే.

వై-ప్లాన్ వాల్వు తల ఏమీ నడవనప్పుడు కూడా వెచ్చగా ఉంటే కంగారుపడకండి. వేడినీళ్ళు ఆఫ్‌లో ఉన్నంతసేపూ బూడిద ఫేజ్ మోటారుని పట్టి ఉంచవచ్చు.

అన్నీ ఆపేసినా బాయిలర్ మండుతూనే ఉంది

కాంబిలో అయితే గది థర్మోస్టాట్ టెర్మినళ్ళ మధ్య కంపెనీ వేసి పంపిన లింకు తీయలేదు. తీసేస్తే చాలు. ఎస్-ప్లాన్‌లో అయితే ఏదో ఒక వాల్వు స్విచ్ అతుక్కుపోయింది. కరెంటు ఆపి ఒక్కో వాల్వు నారింజ వైరు విడదీసి, ఆ వైరు చివరని కనెక్టర్లో మూసి, మళ్ళీ కరెంటు ఇచ్చి చూస్తే దోషి దొరుకుతుంది.

వేడినీళ్ళు మాత్రమే అడిగితే రేడియేటర్లు కూడా కాగుతున్నాయి

వైరింగ్ కాదు, వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు. కరెంటు లేనప్పుడు రెండు దారుల వాల్వు పక్కనున్న మీటని తోయండి. స్ప్రింగు ఎదురు తోస్తే మూసి ఉంది. వదులుగా వేలాడితే తెరుచుకునే ఇరుక్కుంది.

కొత్తది బిగించి కరెంటు ఇవ్వగానే ఫ్యూజు ఎగిరింది

పాత థర్మోస్టాట్ దగ్గర ఫేజ్‌తోబాటు న్యూట్రల్‌ని కూడా కలిపేశారు. విడదీయండి. 3 ఆంపియర్లు ఎగిరిందని 13 ఆంపియర్ల ఫ్యూజు వేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

కాంబి బోర్డే చచ్చిపోయింది

కొన్ని బాయిలర్లలో గది థర్మోస్టాట్ టెర్మినళ్ళు 230 వోల్టులవి, కొన్నింటిలో 24 వోల్టులవి. ఓపెన్‌థర్మ్ (థర్మోస్టాట్, బాయిలర్ రెండు వైర్ల మీద సంకేతాలతో మాట్లాడుకునే పద్ధతి) టెర్మినళ్ళు ఎప్పుడూ తక్కువ వోల్టేజివే. రిసీవర్‌లో ఎల్ నుంచి కామన్‌కి లింకు వేసి, ఆ వైరు తీసుకెళ్ళి వీటిలో పెడితే బోర్డు కాలిపోతుంది, ఖర్చు కొత్త థర్మోస్టాట్‌ని మించిపోతుంది. తక్కువ వోల్టేజి బాయిలర్ అయితే లింకు వేయకుండా కామన్, కోరిక రెండూ బాయిలర్‌కే తీసుకెళ్ళాలి. ఓపెన్‌థర్మ్ రెండు వైర్లకి ఇటూ అటూ తేడా లేదు. అయితే ఓపెన్‌థర్మ్‌నీ, మామూలు ఆన్-ఆఫ్ వైరింగ్‌నీ ఒకేసారి కలపొద్దు.

ట్యాంకు ఎంతసేపైనా కాగదు, వేడినీళ్ళ కోరిక ఆగదు

ట్యాంకు థర్మోస్టాట్ 60 డిగ్రీల మీద ఉందనుకోండి. లీజియోనెల్లా బాక్టీరియా పెరగకుండా అంతకంటే తగ్గించకూడదు. బాయిలర్ నుంచి వచ్చే నీళ్ళని గ్యాస్ ఆదా కోసం 50కి దించితే ట్యాంకు 60 ఎన్నటికీ అందుకోదు. బాయిలర్ అవుట్‌లెట్‌ని 65 నుంచి 70కి పెంచండి. లేదా, సిస్టమ్ అనుమతిస్తే, వేడినీళ్ళు కాగేటప్పుడు మాత్రమే ఎక్కువ వేడి ఇచ్చే ప్రాధాన్య పద్ధతి పెట్టండి. ప్రెజర్ మీద నడిచే మూసిన ట్యాంకులో అతివేడి కటౌట్ తెగి ఉంటే అది ఎందుకు తెగిందో తెలుసుకునే దాకా రీసెట్ చేయొద్దు. దాన్ని తప్పించి వైరు వేయడం ప్రాణాంతకం.

హీటింగ్ ఆగిన కాసేపటికి బాయిలర్ లాకౌట్ అవుతోంది

మంట ఆరాక లోపల మిగిలిన వేడిని పంపు కొన్ని నిమిషాలు తిప్పి బయటికి తీయాలి. బాయిలర్‌కి శాశ్వత ఫేజ్ లేకుండా, కోరిక ఫేజ్ ఒక్కటే ఇచ్చి ఉంటే పంపు వెంటనే ఆగిపోయి అతివేడితో లాకౌట్ అవుతుంది, అంటే రీసెట్ చేసేదాకా మళ్ళీ వెలగదు. స్పర్ నుంచి శాశ్వత ఫేజ్ వేయండి, పంపు వైరు బాయిలర్ పంపు టెర్మినల్‌కి వెళ్ళాలి.

గది కాగలేదు కానీ బాయిలర్ ఆగి ఆగి మండుతోంది

సెట్ చేసిన ఉష్ణోగ్రత దగ్గరపడుతుంటే స్మార్ట్ థర్మోస్టాట్ మంటని చిన్న చిన్న విడతలుగా ఇస్తుంది, అది తప్పు కాదు. అయితే థర్మోస్టాట్ ఉన్న గదిలో రేడియేటర్ వాల్వుకి వేడిని బట్టి తనంతట మూసుకునే తల ఉంటే అది ముందే మూసుకుని, గది కాగక, బాయిలర్ ఆగక సతాయిస్తుంది. ఆ తలని పూర్తిగా తెరవండి. థర్మోస్టాట్ నేల నుంచి సుమారు 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తులో, రేడియేటర్ పైన కాకుండా, ఎండ తగలని గోడ మీద ఉండాలి.

యాప్‌లో ‘ఆఫ్‌లైన్’

చాలా పరికరాలకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పడుతుంది. రౌటర్ రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెడితే విడదీసి చూడండి. వైఫై లేకపోయినా గోడ మీది బటన్లతో హీటింగ్ వస్తుంటే బాయిలర్ వైపు ఏ లోపం లేదు. గోడ మీది బటన్లకీ పలకకపోతే థర్మోస్టాట్, రిసీవర్ జత తెగింది. మళ్ళీ జత చేయండి. రిసీవర్‌ని ట్యాంకు పక్కన, ఇనుప పెట్టె వెనక బిగించి ఉంటే కాస్త దూరం జరపండి.

పెట్టెలు మూసే ముందు హీటింగ్ ఒక్కటే, వేడినీళ్ళు ఒక్కటే, రెండూ కలిపి, రెండూ ఆపి చూడండి. ప్రతిసారీ పైపులు చేత్తో తాకి ఏది వెచ్చబడుతోందో చూశాకే మూత పెట్టండి.