స్టీమ్ ఐరన్ మచ్చలు పెడుతోందా? పెట్టె మార్చేముందు నీళ్లు చూడండి

బొంతలు, బ్లౌజులు కుట్టేవాళ్లు ఐరన్ బాక్స్ పాడైందని వచ్చినప్పుడల్లా నేను అడిగే మొదటి ప్రశ్న: ప్లగ్గు ముట్టుకుని చూశారా? చూసి ఉండరు. కాసేపు వాడాక స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి చూడండి. ప్లాస్టిక్ చెయ్యి పెట్టలేనంత కాలుతున్నా, పిన్నులు నల్లబడినా ముందు బాగు చేయించాల్సింది సాకెట్. 1000 వాట్ల పెట్టె నాలుగు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. గోడకున్న 6 ఆంపియర్ల సాకెట్ సరిగ్గా ఉంటే దానికి చాలు. కుట్టు మిషనూ, ఫ్యానూ, ఈ పెట్టే కలిపి సన్నవైరు ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి తగిలిస్తేనే కష్టం. 2000 వాట్ల స్టీమ్ ఐరన్‌కి ఏసీకి పెట్టినట్టే 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. కన్వర్టర్ పెట్టి చిన్న సాకెట్లో దూర్చకండి.

మధ్యలో చల్లారిపోతోంది

లైటు ఆరితే పాడైనట్టు కాదు, డయల్ మీద పెట్టినంత వేడి వచ్చేసినట్టు. మళ్లీ చల్లబడితే అదే వెలుగుతుంది. ఇక లైటు మిణుకుమిణుకుమంటూ పెట్టె చల్లగా ఉంటే అది ఆటో షటాఫ్. ఇలాంటి చాలా మోడళ్లు నిలబెట్టి ఉంచితే ఎనిమిది నిమిషాలకు, పడుకోబెట్టి వదిలేస్తే అర నిమిషానికి వాటంతట అవే ఆగిపోతాయి. బట్టలు ఇస్త్రీ చేసేవాళ్లకు అది భద్రత. నాలుగు కుట్లు వేసి ఒకసారి నొక్కే మనకు మాత్రం తలనొప్పి. అది రిపేరుకిచ్చే సంగతి కాదు, కొనేటప్పుడు అడిగి తెలుసుకోవాల్సిన సంగతి.

ముక్కలు కొలతకు రావడం లేదు

రుద్దుతున్నారు, అందుకే. ఎత్తి పెట్టి నొక్కండి, మళ్లీ ఎత్తి పక్కన పెట్టండి. ఏటవాలుగా కత్తిరించిన ముక్క మీద పెట్టెను జరిపితే బట్ట సాగుతుంది. ముందు కుట్టు మూసి ఉండగానే ఒకసారి నొక్కి, తర్వాత ముక్కలు తెరిచి పరిచి నొక్కితే కుట్టు పక్కన వదిలిన పావు అంగుళం మార్జిన్ కదలదు.

స్టీమ్ పెడితే తెల్ల బట్ట మీద గోధుమ రంగు మచ్చలు

ఇది దొంగ రోగం. కింద ప్లేటు నిగనిగలాడుతూ ఉంటుంది, ట్యాంకులో నీళ్లు తేటగా కనిపిస్తాయి, మొదటి ముక్కలన్నీ శుభ్రంగా వస్తాయి. తీరా చెన్నైలో బట్టల బజారైన గోడౌన్ స్ట్రీట్ నుంచి తెచ్చిన తెల్ల కాటన్ కింద పెట్టేసరికి టీ చుక్క పడ్డట్టు మచ్చ.

ముందు పరీక్ష చేయండి. ట్యాంకు ఖాళీ చేసి, డయల్ మూడు చుక్కల మీద, అంటే కాటన్ వేడి మీద పెట్టి, ఉతికిన పాత తెల్ల పంచె ముక్క మీద స్టీమ్ లేకుండా నొక్కండి. మచ్చ పడితే ప్లేటుకు గంజో జిగురో అంటుకుని మాడుతోంది. పడకపోతే నీళ్లు పోసి, స్టీమ్ పెట్టి అదే బట్ట మీద కాసేపు నడపండి. ఇప్పుడు పడితే తప్పు లోపల ఉంది. రెండుసార్లూ పడకుండా కొత్త బట్ట మీదే పడుతుంటే ఆ బట్టలో గంజి ఉంది, ఉతికి వాడండి.

లోపల అనగానే చెన్నైలో అందరి వేలూ బోరు నీళ్ల మీదికే పోతుంది. అనుమానం సబబే. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లు కాగితే సున్నం దిగుతుంది. కానీ సున్నం పడితే మచ్చలకు తోడు తెల్లటి పెళుసు రేణువులు రాలతాయి, రంధ్రాలు మూసుకుపోయి ఆవిరి తగ్గుతుంది. ఆవిరి ధారాళంగా వస్తూ, రేణువు ఒక్కటీ లేకుండా, గోధుమ మడ్డి మాత్రమే దిగుతుంటే ఆ నీళ్లు ఎక్కడ పట్టారో అడగండి. "ట్యాప్ నీళ్లు కాదండీ, డిస్టిల్డ్ వాటరే పోస్తున్నాం" అంటారు. ఆ డిస్టిల్డ్ వాటర్ ఎక్కడిదంటే ఏసీ పైపు కింద పెట్టిన బకెట్టులోది!

2019 వేసవిలో చెన్నైకి నీళ్లిచ్చే చెరువులు పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం అన్నీ అడుగంటాక ఏసీ నీళ్లు పారబోయడానికి ఎవరికీ మనసొప్పడం లేదు. మంచిదే, మొక్కలకు పోయండి, ఇల్లు తుడవండి. ఐరన్ బాక్స్‌లో మాత్రం పోయకండి. వాటిలో లవణాలు దాదాపు ఉండవన్నది నిజమే. కానీ గాల్లో తేమ ఏసీ లోపలి కాయిల్ రెక్కల మీద నీరై, అక్కడి దుమ్మునూ, వంటింటి జిడ్డునూ, ట్రేలో పట్టిన పాచినీ కడుక్కుంటూ కిందికొస్తుంది. గ్లాసులో పోసి చూస్తే ఏమీ కనిపించదు. ఆవిరి గదిలో నీరు ఆవిరైపోతుంది, మడ్డి మాత్రం మిగిలి అక్కడే మాడుతుంది. కొన్నాళ్లకు పెచ్చు ఊడి ఆవిరితో బట్ట మీద పడుతుంది. అందుకే ఆ నీళ్లు పోసిన రోజున ఏమీ కాదు, ఎవరికీ వాటి మీద అనుమానమూ రాదు. ఏసీ నీళ్లు, బ్యాటరీ నీళ్లు, సెంటు కలిపిన నీళ్లు వద్దని కొన్ని పెట్టెల మాన్యువల్లోనే అచ్చు వేసి ఉంటుంది. ఆ పుస్తకం విప్పేదెవరు?

విరుగుడు సులువే. ట్యాంకు నిండా మంచినీళ్లు పోసి, డయల్ చివరిదాకా తిప్పి, లైటు ఆరేదాకా ఆగండి. ప్లగ్గు తీసి, సింకు మీద పెట్టెను అడ్డంగా పట్టుకుని, సెల్ఫ్ క్లీన్ బటన్ నొక్కి ముందుకూ వెనక్కూ ఊపండి. ముఖం దూరంగా ఉంచండి, మరిగే నీళ్లు పడతాయి. మొదట కాఫీ రంగులో వస్తుంది. తేటగా వచ్చేదాకా మళ్లీ చేయండి. తర్వాత మళ్లీ వేడి చేసి, పాత పంచె మీద పొడిగా నొక్కి ఆరబెట్టండి. మాన్యువల్ చెప్పకపోతే వెనిగర్ పోయొద్దు, లోపలి భాగాలు పాడవచ్చు.

ఆ తర్వాత మెట్రో వాటర్, అంటే ఊరి కుళాయి నీళ్లు పోసుకోవచ్చు. బోరు నీళ్లే దిక్కయితే సగం ఆర్‌ఓ నీళ్లు కలపండి. పని అయ్యాక ట్యాంకు వంచేయండి. నీళ్లతోనే అటక మీద పెడితే మళ్లీ ఇదే కథ.

డయల్ ఒక చుక్క మీద ఉంచి స్టీమ్ నొక్కితే పడేది మచ్చ కాదు, ఉత్త నీళ్ల చుక్క. వేడి చాలక కారుతుంది, అంతే.

పేస్టింగ్ బుడగలు కడుతోంది

పేస్టింగ్ అంటే బట్ట వెనక వేడితో అతికించే జిగురు గుడ్డ. స్టీమ్ రంధ్రాల కింద బట్టకు ప్లేటు తగలదు, అక్కడ జిగురు కరగదు. ఒకచోట పది పదిహేను సెకన్లు కదపకుండా నొక్కి, పెట్టెను కొంచెం పక్కకు పెట్టి మళ్లీ నొక్కండి. జిగురు ప్లేటుకు అంటితే వేడిగా ఉన్నప్పుడే మందపాటి నూలుగుడ్డ మీద తుడవండి. నాన్‌స్టిక్ ప్లేటు మీద స్టీలు పీచు పెట్టొద్దు.

కొత్తది కొనాల్సివస్తే

నన్నడిగితే కాటన్ బొంతలకు స్టీమ్ అక్కర్లేదు. 1000 వాట్ల బరువైన డ్రై ఐరన్, పక్కన ఒక స్ప్రే సీసా చాలు. రంధ్రాల్లేని ప్లేటు కాబట్టి పేస్టింగూ బాగా అతుకుతుంది. బరువు అదే నొక్కుతుంది కనక చేత్తో గట్టిగా అదమక్కర్లేదు. ఐఎస్ఐ గుర్తు, కుట్టు మూలల్లోకి దూరే సన్న ముక్కు, మీ సాకెట్ నుంచి బల్ల దాకా అందే వైరు, ఈ మూడూ చూసుకోండి. ప్లేటు కోటింగుకు ఎన్ని పేర్లు పెట్టి అమ్మినా దానికోసం ఎక్కువ డబ్బు పోయకండి.

మిగతావి

మూడు చుక్కలకు తట్టుకోవాల్సిన కాటన్ కూడా మాడుతుంటే వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పాడైనట్టు. అసలు వేడే లేకపోతే ఎలిమెంటో, ఫ్యూజో, పిడి దగ్గర తెగిన వైరో. ఇవి అరుదు, మెకానిక్ చూసుకుంటాడు. షాక్ కొడితే మాత్రం అప్పుడే ఆపేసి, ఎర్త్ చూపించేదాకా ముట్టుకోవద్దు.