మంచు కింద నీటి దారి: నాలుగో పాఠం – అడుగున నీరు ఎటు పారుతుందో లెక్కగట్టడం

గత పాఠం చివర ఇచ్చిన లెక్కకు జవాబుతో మొదలుపెడదాం. 1,000 మీటర్ల మందమున్న మంచులో అడుగుదాకా నిలువునా దిగిన ఒక బావి ఉన్నదనుకుంటే, అందులో ఎంత ఎత్తు నీరు నిలిస్తే అడుగున ఆ నీటి పీడనం పైనున్న మంచు బరువుకు సరితూగుతుందన్నది ప్రశ్న. ఘనపు మీటరు మంచు 917 కిలోలు, నీరు 1,000 కిలోలు తూగుతాయి కనుక జవాబు 917 మీటర్లు. అంటే, నీరు ఇంకా పైతలానికి 83 మీటర్ల దిగువన ఉండగానే మంచును నేల మీదినుంచి లేపగల స్థితికి వస్తుంది. 2006 జూలైలో పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో మంచు పైతలం మీదున్న 5.6 చదరపు కిలోమీటర్ల సరస్సు ఒకటి సుమారు గంటన్నరలో ఖాళీ అయిపోయి, 980 మీటర్ల మందమున్న మంచును 1.2 మీటర్ల మేర పైకి లేపిన సంగతి మూడో పాఠంలో చూశాం. దాని వెనుక ఉన్న లెక్క ఇదే.

అలా అడుగుకు చేరిన నీరు తర్వాత ఎటు పోతుంది? నీరు పల్లమెరుగు అని మనం చిన్నప్పటినుంచీ వింటున్న మాట మంచు కింద అక్షరాలా చెల్లదు. అక్కడ నీరు మెట్టకు కూడా ఎక్కుతుంది. ఎప్పుడు ఎక్కుతుందో, ఎప్పుడు ఎక్కలేదో కాగితం మీద తేల్చుకోవడమే ఈ పాఠంలో మనం నేర్చుకోవలసిన పని.

మన ఊళ్లలో బోరు వేసినప్పుడు నీరు తగిలిన లోతులోనే ఉండిపోకుండా, కింద ఒత్తిడి ఉంటే గొట్టంలో పైకి వచ్చి ఒక మట్టం దగ్గర నిలుస్తుంది. హిమ శాస్త్రజ్ఞులు కూడా వేడినీటి ధారతో మంచును కరిగిస్తూ అడుగుదాకా బోర్లు వేసి, వాటిలో నీరు ఎక్కడ నిలుస్తుందో కొలుస్తారు. సముద్రమట్టం నుంచి లెక్కించిన ఆ ఎత్తును ఈ పాఠంలో ‘బోరు మట్టం’ అందాం. అడుగున నీరు ఎప్పుడూ బోరు మట్టం ఎక్కువున్న చోటినుంచి తక్కువున్న చోటికే పారుతుంది. నేల ఎత్తుపల్లాలు ఆ మట్టంలో ఒక చిన్న వాటా మాత్రమే.

అడుగున నీటి పీడనం పైనున్న మంచు బరువుకు సమానమని ప్రస్తుతానికి అనుకుందాం. అప్పుడు బోరు మట్టం అంటే నేల ఎత్తుకు మంచు మందంలో 0.917 వంతును కలిపినది. మందమంటే పైతలం ఎత్తులోంచి నేల ఎత్తును తీసివేయగా వచ్చేది కనుక, సర్దిచూస్తే సూత్రం ఇలా మారుతుంది:

బోరు మట్టం = 0.917 × పైతలం ఎత్తు + 0.083 × నేల ఎత్తు

ఈ రెండు సంఖ్యలను కాసేపు నిదానంగా చూడమని నా మనవి, ఎందుకంటే పాఠంలోని సారమంతా వాటి నిష్పత్తిలో ఉంది. 0.917 అనేది 0.083 కంటే సుమారు 11 రెట్లు పెద్దది. అంటే పైతలపు వాలు నీటి దిశను శాసించడంలో నేల వాలుకంటే 11 రెట్లు బలమైనది. దీనిని 1972లో హిమ శాస్త్రజ్ఞుడు రోనాల్డ్ శ్రీవ్ స్పష్టంగా వివరించారు. దీనివల్ల మనకొక ఊరట కూడా ఉంది. కిలోమీటరు మందపు మంచు కింద నేల ఎత్తును రాడార్‌తో కొలిచినప్పుడు పదుల మీటర్ల పొరపాటు రావచ్చు. కానీ నేల ఎత్తులో 55 మీటర్ల తప్పు, పైతలం ఎత్తులో 5 మీటర్ల తప్పు బోరు మట్టాన్ని దాదాపు ఒకే మేరకు, నాలుగున్నర మీటర్ల చొప్పున మాత్రమే కదుపుతాయి.

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ చేద్దాం. ‘అ’ అనే చోట పైతలం ఎత్తు 1,000 మీటర్లు, నేల ఎత్తు 200 మీటర్లు. మంచు అంచు వైపు కొన్ని కిలోమీటర్లు జరిగితే వచ్చే ‘ఆ’ అనే చోట పైతలం 900, నేల 400. నేలను మాత్రమే చూసేవారు నీరు ‘ఆ’ నుంచి ‘అ’ వైపు దిగుతుందని చెబుతారు. సూత్రంలో వేస్తే ‘అ’ దగ్గర 917 + 16.6 = 933.6 మీటర్లు, ‘ఆ’ దగ్గర 825.3 + 33.2 = 858.5 మీటర్లు వస్తాయి. కనుక నీరు ‘అ’ నుంచి ‘ఆ’కు, 200 మీటర్ల మెట్టను ఎక్కి మరీ పారుతుంది. దానిని ఎక్కించేది ‘అ’ దగ్గర 300 మీటర్లు అధికంగా ఉన్న మంచు బరువే.

ఈ 11 రెట్ల నిష్పత్తి కాగితానికే పరిమితం కాదని అంటార్కిటికాలోని వోస్టాక్ సరస్సు చూపుతుంది. సుమారు 250 కిలోమీటర్ల పొడవున్న ఆ సరస్సు మీద మంచు ఉత్తరపు కొసన సుమారు 4,200 మీటర్లు, దక్షిణపు కొసన సుమారు 3,700 మీటర్ల మందం ఉంటుంది. నీరు కదలక నిలిచి ఉన్నదంటే బోరు మట్టం రెండు కొసలా ఒకటే ఉండాలి. అలా ఉండాలంటే ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చేసరికి సరస్సుకు పైకప్పులా ఉన్న మంచు అడుగు సుమారు 458 మీటర్లు ఎక్కి, పైతలం సుమారు 42 మీటర్లు దిగాలి. ఉపగ్రహాలు కొలిచిన పైతలపు వాలు ఆ స్థాయిలోనే ఉంది.

ఇక పీడనం మంచు బరువుకు సమానమన్న మన మొదటి ఊహను పరీక్షించాలి. వేసవి ఆరంభంలో అడుగున నీటికి సరైన దారులుండవు. మంచుకూ రాతికీ మధ్యనున్న చిన్న చిన్న సందుల్లో ఇరుక్కున్న నీటి పీడనం మంచు బరువుకు దగ్గరగా ఉంటుంది, మంచు జారుడు వేగం పెరుగుతుంది. నీరు నిలకడగా పారేకొద్దీ ఆ పారుదలలో పుట్టే వేడి మంచు గోడలను కరిగించి సొరంగ కాలువలను విశాలం చేస్తుంది. పెద్ద కాలువలో పీడనం తగ్గుతుంది కనుక అది చుట్టుపక్కల సందుల్లోని నీటిని లాగేసుకుంటుంది, మంచు మళ్లీ నేలకు గట్టిగా ఆని నెమ్మదిస్తుంది. గ్రీన్‌లాండ్ మంచు వేసవిలో వేగం పుంజుకుంటుందని 2002లో వెలువడిన కొలతలు చూపినప్పుడు, ఎక్కువ కరిగితే ఎక్కువ జారుతుందన్న భయం కలిగింది. కానీ కరుగుదల ఎక్కువైన సంవత్సరాల్లో ఈ నెమ్మదింపు ముందుగానే వస్తుందని 2011 నాటి పరిశీలన చూపింది. అయితే ఈ ఊరట అంచు ప్రాంతాలకే వర్తిస్తుందని నా అభిప్రాయం. అంచుకు దూరంగా లోపలి ప్రాంతాల్లో మందమైన మంచు తన బరువుతో సొరంగాలను త్వరగా మూసివేస్తుంది, వాతావరణం వేడెక్కేకొద్దీ పైతలం మీది కరుగునీటి సరస్సులు అటువైపే విస్తరిస్తున్నాయి.

పీడనం మంచు బరువులో సగానికి పడిపోయిందనుకొని మన ఉదాహరణను మళ్లీ చేయండి. మందాన్ని 0.917 బదులు 0.4585తో గుణించి నేల ఎత్తుకు కలిపితే ‘అ’ దగ్గర 566.8, ‘ఆ’ దగ్గర 629.3 మీటర్లు వస్తాయి. నీరిప్పుడు ఆ మెట్టను ఎక్కజాలదు. దాని దిశ తిరగబడింది. నేల మారలేదు, మంచు మారలేదు, పీడనం ఒక్కటే మారింది. ఈ కారణంగానే, ఏ పటంలోనైనా మంచు కింది నీటి దారులు గీసి ఉంటే, వాటిని ఏ పీడనం ఊహించి గీశారో ముందుగా చూడండి.

అభ్యాసం: కొన్నేళ్ల కరుగుదల తర్వాత పైతలం ‘అ’ దగ్గర 980 మీటర్లకు, అంచుకు దగ్గరైన ‘ఆ’ దగ్గర 840 మీటర్లకు దిగిందనుకోండి. పీడనం మంచు బరువుకు సమానమైతే రెండు బోరు మట్టాల తేడా మునుపటి 75.1 మీటర్ల నుంచి ఎంతకు మారుతుంది? నీరు మెట్ట ఎక్కలేని స్థితి రావాలంటే పీడనం మంచు బరువులో ఎన్నో వంతుకు పడిపోవాలి? పాత ఎత్తుల దగ్గర ఆ వంతు 0.727. దానిని కూడా మీరే రాబట్టి సరిచూసుకుని, తర్వాత కొత్త ఎత్తులకు చేయండి. ఐదో పాఠం ఆ రెండు జవాబులతో మొదలవుతుంది.