గర్భసంచి తీసేయాలన్నారా? అడ్వాన్సు కట్టే ముందు ఇవి చూసుకోండి

మా పల్నాడు వైపు మిరప కోతలు అయిపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో ఆపరేషన్లు ఎక్కువవుతాయి. పొలం పనులు ఉండవు, పిల్లలకు సెలవులు, ఇంట్లో చేసిపెట్టడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. ఏడాదంతా పళ్ల బిగువున భరించిన నొప్పులన్నీ అప్పుడే ఆసుపత్రికి బయల్దేరతాయి. మూడేళ్ల కిందట ఒక ఏప్రిల్‌లో మా పిన్ని కూడా అలాగే ఫోన్ చేసింది.

"అమ్మాయ్, స్కానింగ్‌లో గడ్డ ఉందట. గర్భసంచి తీసేయాలంటున్నారు. ఎల్లుండే చేర్చుకుంటారు. నాలుగు రోజులు సెలవు పెట్టి రాగలవా?"

అప్పటికి ఆవిడకి నలభై ఒకటి. గడ్డ ఎంతుంది అని అడిగితే తెలియదు. బ్లీడింగ్ ఎన్నాళ్ల నుంచి అంటే "చాలా రోజులుగా" అంది. రక్తం ఎంతుందన్నారు? "ఆ కాగితాలన్నీ మీ బాబాయి చూసుకుంటున్నాడు." బాబాయిని అడిగితే, కాగితాలు ఆసుపత్రిలోనే ఉన్నాయని, పదివేలు అడ్వాన్సు కూడా కట్టేశానని చెప్పాడు. పైగా, "పిల్లల పెళ్లిళ్లు కూడా అయిపోయాయి, ఇంకా ఆ సంచితో పనేముంది?" అన్నాడు. ఈ మాట మీరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి కాస్త పైన. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. మన ఆడవాళ్ల గర్భసంచులే ఎందుకు ఇంతగా పాడవుతున్నాయో ఎవరికి వారే ఆలోచించుకోవాలి. అనవసరంగా చేసే ఈ ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి ఎవరైనా ఈ ఆపరేషన్ అనగానే రెండో డాక్టరుకి చూపించుకోండి. మొహమాటం వద్దు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో సెకండ్ ఒపీనియన్ కూడా ఒక హక్కుగానే ఉంది. మనం ఇంకొకరిని అడుగుతామంటే మంచి డాక్టరుకి కోపం రాదు. వచ్చిందంటే మీ అనుమానానికి ఇంకో కారణం దొరికినట్టే.

ముందుగా, ఆగకూడని సందర్భాలు

ఈ వ్యాసం చదివి ఎవరూ ఆలస్యం చేయకూడదు కాబట్టి ఇది మొదట చెబుతున్నాను. గంటకో ప్యాడ్ చొప్పున తడిసిపోతూ రెండు గంటలు దాటినా తగ్గకపోతే, కళ్లు తిరిగి పడిపోతుంటే, ఉన్నట్టుండి పొత్తికడుపులో భరించలేని నొప్పి వచ్చి వాంతులు అవుతుంటే, నెల తప్పి ఉండి నొప్పి, రక్తం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. అప్పుడు దగ్గర్లో ఉన్న ఆసుపత్రే మంచి ఆసుపత్రి.

ఇంకొకటి. నెలసరి ఆగిపోయి ఏడాది దాటాక మళ్లీ ఒక్క చుక్క రక్తం కనిపించినా తేలిగ్గా తీసుకోవద్దు. మా మేడమీద ఉండే ఆవిడకి యాభై ఎనిమిదేళ్లప్పుడు అలాగే కనిపించింది. వేడి చేసిందనుకుని నాలుగు నెలలు సబ్జా నీళ్లు, మజ్జిగ తాగింది. చివరికి బయాప్సీ చేస్తే గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ మొదలైందని తేలింది. ఆవిడకి ఆపరేషన్ తప్పనిసరి, అదీ వెంటనే. అలాగే భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం కనిపించినా వారాలు ఆగకుండా పరీక్ష చేయించుకోవాలి.

మిగతా చాలా సందర్భాల్లో ఒక వారం పది రోజులు ఆగితే కొంపలేమీ మునగవు. గర్భసంచి ఎక్కడికీ పోదు. తీసేశాక మాత్రం తిరిగి రాదు.

భయపెట్టే మాటలు, వాటి అసలు సంగతి

"తెల్లబట్ట అవుతోంది, తీసేద్దాం." కొంత తెల్లబట్ట మామూలే, ఇన్ఫెక్షన్ వల్ల వస్తే మందులతో తగ్గుతుంది. కొన్ని ఇన్ఫెక్షన్లకి భర్తకి కూడా మందులు వాడాలి. ఆ సంగతి చెప్పకుండా ఆవిడకే మళ్లీ మళ్లీ మాత్రలు ఇచ్చి, తగ్గడం లేదు కాబట్టి ఆపరేషన్ అంటే ఎలా?

"గర్భసంచి మూతి దగ్గర పుండు ఉంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది." పిల్లల్ని కన్నవాళ్లలో అక్కడ ఎర్రగా కనిపించడం మామూలే. క్యాన్సరా కాదా అన్నది చూపుతో తేలదు. పాప్ స్మియర్ (గర్భసంచి మూతి దగ్గరి కణాలు తీసి చూసే పరీక్ష) చేస్తారు, అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ఆ రిపోర్టు చూపించకుండా క్యాన్సర్ మాట ఎత్తారంటే లేచి బయటికి రావచ్చు.

"అండాశయంలో నీటిబుడగ." నెలసరి ఇంకా వస్తున్నవాళ్లలో చిన్న నీటిబుడగలు వస్తుంటాయి, పోతుంటాయి. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ స్కాన్ చేయిస్తే చాలావరకు కనిపించవు. "బల్కీ యూటరస్" అని రిపోర్టులో రాసి ఉంటే కూడా భయపడకండి. ఉండాల్సినదాని కన్నా కాస్త పెద్దదిగా ఉందని దాని అర్థం, అంతకు మించి ఆ రెండు ముక్కలతో ఏమీ తేలదు.

ఇక ఫైబ్రాయిడ్ గడ్డలు, అంటే గర్భసంచిలో వచ్చే, మామూలుగా క్యాన్సర్ కాని గడ్డలు. ఇక్కడ సైజు ఒక్కటే చూస్తే సరిపోదు, ఎక్కడ ఉందన్నది ముఖ్యం. లోపలి పొరవైపు ఉన్న గడ్డ చిన్నదైనా విపరీతంగా బ్లీడింగ్ చేయిస్తుంది. బయటివైపు ఉన్నది నిమ్మకాయంత ఉన్నా ఏ బాధా పెట్టకపోవచ్చు. ఇబ్బంది పెట్టని గడ్డకి ఆపరేషన్ అక్కర్లేదు, నెలసరి ఆగిపోయాక మామూలుగా అదే కుంచించుకుపోతుంది. బ్లీడింగ్ ఎక్కువైతే తగ్గించే మాత్రలున్నాయి. హార్మోన్ ఉన్న లూప్ గర్భసంచిలో పెడితే ఐదేళ్లకు పైగా పనిచేస్తుంది. గడ్డ ఒక్కటే తీసి సంచిని ఉంచే ఆపరేషన్ కూడా ఉంది. వీటిలో మీకు ఏది కుదురుతుందన్నది డాక్టరే చెప్పాలి. కానీ వీటి పేరే ఎత్తకుండా నేరుగా ఆపరేషన్ తేదీ చెప్పారంటే, అందుకే రెండో డాక్టరు.

కాగితాలు మన దగ్గర ఉండాలి

బాబాయి మర్నాడు వెళ్లి రిపోర్టులు అడిగితే "డిశ్చార్జి అప్పుడు ఇస్తాం" అన్నారు. అప్పటికి పిన్ని అసలు చేరనే లేదు! డాక్టర్లకు 2002లో పెట్టిన నియమావళి ప్రకారం, అడిగిన 72 గంటల్లోపు రికార్డులు ఇవ్వాలి. గొడవ పడక్కర్లేదు. ఒక తెల్లకాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం అడగండి. మేం అలా రాసిచ్చిన సాయంత్రమే కవరు చేతికొచ్చింది. పదివేల అడ్వాన్సులో మాత్రం ఆరువేలే వెనక్కి ఇచ్చారు. ఆ నాలుగువేల సంగతి బాబాయి ఇప్పటికీ ఎత్తుతుంటాడు.

రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ ఫిల్ము కూడా తీసుకోండి. రక్తం పరీక్షలు, వాడిన మందుల చీటీలు, ఖాళీ అయిన మాత్రల అట్టలు కూడా ఒక సంచిలో వేసుకోండి.

వీటన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది తేదీల లెక్క. పిన్ని వంటింటి గోడకి ఉన్న క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే నెలసరి తేదీలకి సున్నాలు చుట్టి ఉన్నాయి. ఆ క్యాలెండర్నే మేకు నుంచి తీసి గుంటూరు పట్టుకెళ్లాం. అక్కడ పెద్దాసుపత్రి ఓపీలో మేడమ్ స్కాన్ ఫిల్ము కన్నా దాన్నే ఎక్కువసేపు చూశారు. చూసి, "ఈ నవంబరు, డిసెంబరు నెలల్లో సున్నాలు లేవేంటమ్మా?" అని అడిగారు.

పిన్ని నా వైపు చూసింది, తర్వాత నేలకేసి చూసింది. బాబాయి అయ్యప్ప మాల వేసుకున్న రోజులవి. నెలసరి రాకుండా దాదాపు నలభై రోజులు మెడికల్ షాపులో కొన్న మాత్రలు వేసుకుంది. అంతకుముందు శ్రావణ శుక్రవారాలకి, ఆ తర్వాత మరిది కూతురి పెళ్లికి కూడా. ఆపరేషన్ చెప్పిన చోట ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ మాత్రలు అలా వేసుకుంటూ ఆపుతూ పోతే నెలసరి లెక్క తప్పుతుంది, ఆపినప్పుడు బ్లీడింగ్ ఎక్కువ కావచ్చు కూడా. మీ ఇంట్లోనూ ఎవరైనా వేసుకుంటే దాచకుండా చెప్పించండి. కాపర్ టీ వేయించుకున్నా, గుండెకని రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా చెప్పాలి.

ఎవరిని అడగాలి

మొదటి ఆసుపత్రిలోనే ఇంకో డాక్టరు వద్దు. మొదటి డాక్టరు "ఫలానా ఆయన్ని అడగండి" అన్న చోటు కూడా వద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీ తీసుకెళ్లే ఆసుపత్రి గురించి ప్రత్యేకంగా జాగ్రత్తగా ఉండండి. రాత్రి పూట జ్వరానికి ఆయనే దిక్కు, ఆ మేలు కాదనను. కానీ ఆపరేషన్‌కి మనిషిని పంపితే వాటా ముట్టే చోట్లు ఉన్నాయని ఊళ్లో అందరికీ తెలిసిందే.

నా మటుకు నేను మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికే ఓటు వేస్తాను. గుంటూరు జీజీహెచ్, విశాఖ కేజీహెచ్, హైదరాబాద్‌లో పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి లాంటివి. లైన్లో నిలబడాలి, ఒక రోజు కూలి పోతుంది, నిజమే. కానీ అక్కడి డాక్టరుకి నెల జీతం వస్తుంది, మీ ఆపరేషన్ మీద ఆధారపడరు.

చుట్టాల్లో డాక్టరు ఉంటే అడగండి, కానీ ఆయన దేని డాక్టరో చూసుకోండి. అమెరికాలో ఉన్న మా మేనమామ కొడుకు కంటి డాక్టరు. పిన్ని ఫొటోలన్నీ వాడికే పంపింది. పాపం వాడు చూసి "అత్తా, గైనకాలజిస్టుకి చూపించు" అన్నాడు. అది మంచి సలహానే. వాట్సాప్ గ్రూపులో "మా వదినకీ ఇలాగే అయింది" అని మొదలయ్యే సలహాలు ఎటువైపు చెప్పినా పట్టించుకోకండి, తీయించుకో అన్నా, కరివేపాకు కషాయం తాగు అన్నా.

రెండో డాక్టరు దగ్గర కూర్చోగానే "ఆపరేషన్ అన్నారండి" అని మొదలుపెట్టొద్దు. ముందు బాధ చెప్పండి. ఎప్పటి నుంచి, ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని ప్యాడ్లు. డాక్టరు పరీక్ష చేసి తన అభిప్రాయం చెప్పాక పాత చీటీ తీయండి. తోడు వచ్చేది కూడా ఆడమనిషే అయితే మంచిది. భర్తో కొడుకో పక్కనుంటే తెల్లబట్ట సంగతి నోట్లోంచి రాదు. బాబాయిని టీ తాగిరమ్మని పంపాకే పిన్ని ఆ మాత్రల సంగతి చెప్పింది.

అడగాల్సినవి మరీ ఎక్కువేం లేవు. తీయకపోతే ఏమవుతుంది? మందులతో ఆరు నెలలు చూడొచ్చా? తీస్తే అండాశయాలు కూడా తీస్తారా? ఈ చివరిది తప్పకుండా అడగండి. చిన్న వయసులో రెండు అండాశయాలూ తీసేస్తే మర్నాటి నుంచే నెలసరి ఆగిపోయిన శరీరం అయిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, కొన్నేళ్లకి ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు. అండాశయాలు ఉంచినా కాస్త ముందుగానే ఆ దశ రావచ్చు. ముప్పై అయిదేళ్లకే నడుం పట్టేసిందని కూలికి వెళ్లలేకపోతున్న ఆడవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. అడిగితే చాలామంది ఈ ఆపరేషన్ అయినవాళ్లే.

పిన్నికి తేలిందేమిటంటే, గడ్డ 2.8 సెంటీమీటర్లు, బయటివైపు. హిమోగ్లోబిన్ 8.6, ఉండాల్సింది 12. థైరాయిడ్ కూడా తేడాగా ఉంది, దానివల్ల కూడా బ్లీడింగ్ ఎక్కువవుతుందట. ఐరన్, థైరాయిడ్ మాత్రలు, ఆ రోజుల్లో వేసుకోవడానికి ఇంకో మాత్ర రాశారు. పండగల మాత్రలు మానేయమన్నారు. ఆరు నెలలకి కుదుటపడింది. ఏడాదికోసారి స్కాన్ చేయించుకుంటోంది.

ఇద్దరూ ఆపరేషనే అంటే

అప్పుడు ఇక మూడో వాళ్ల కోసం, నాలుగో వాళ్ల కోసం తిరగకండి. మనకి నచ్చిన మాట ఎవరో ఒకరు చెప్పేదాకా తిరగడం కూడా జబ్బే. ఇద్దరూ వేర్వేరుగా చెబితే మాత్రం కారణం ఏమిటో ఇద్దరినీ అడిగి, ఇంకొక్క చోట చూపించండి.

రక్తం తక్కువగా ఉంటే ముందు దాన్ని పెంచుకోండి. షుగర్, బీపీ అదుపులోకి తెచ్చుకోండి. ఏమేం తీస్తారో అంగీకార పత్రంలో తెలుగులో చదివించుకుని సంతకం పెట్టండి, ఖాళీ కాగితం మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కింద వస్తుందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసేవాళ్లని ముందే అడగండి. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు నీళ్ల బిందె, గడ్డి మోపు ఎత్తకూడదు. ఆ ఆరు వారాలు ఆ పని ఎవరు చేస్తారన్నది ఆసుపత్రిలో చేరకముందే ఇంట్లో మాట్లాడుకోండి, వచ్చాక మాట్లాడితే చివరికి ఆవిడే ఎత్తుతుంది.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. తీసిన గర్భసంచిని ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించాలి. రిపోర్టు రావడానికి వారం పది రోజులు పడుతుంది, ఈలోగా డిశ్చార్జి అయిపోతారు. కుట్లు చూపించుకోవడానికి వెళ్లిన రోజు ఆ రిపోర్టు అడిగి తెచ్చుకోండి. పంపలేదంటే ఎందుకు పంపలేదో అక్కడే అడగండి.