ఎండోస్కోపీలో పేగుకి చిల్లు పడితే టెక్నీషియన్ చేయాల్సిన పని

నాది నెల్లూరు. చెన్నైలో ఎండోస్కోపీ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. కొత్తగా చేరే మన పిల్లలు స్కోప్ (లోపలికి పంపే కెమెరా గొట్టం) కడగడం, స్నేర్ (పాలిప్ కోసే తీగ ఉచ్చు) పట్టడం త్వరగానే నేర్చుకుంటారు. చిల్లు పడిన రోజు మాత్రం చేతులు ఆడవు. ఇది వాళ్ల కోసం.

పెద్ద పాలిప్, అంటే పేగు లోపలి గోడ మీద పెరిగిన కండ, కోసేటప్పుడు అడుగున నీలం మందు కలిపిన ద్రవం ఎక్కిస్తాం కదా, బయటికి తీసిన ముక్కను తిరగేస్తే అడుగంతా నీలంగా ఉండాలి. నడుమ తెల్లటి గుండ్రటి మచ్చ ఉంటే కండరం పొర కూడా తెగిందన్నమాట. టార్గెట్ సైన్ అంటారు దాన్ని. డాక్టర్ కళ్లు స్క్రీన్ మీద ఉంటాయి, ముక్క మన చేతిలో ఉంటుంది. "సార్, ఒక్కసారి ఇది చూడండి" అనాల్సింది మనమే.

చిల్లు అని తేలితే టెన్షన్‌లో స్కోప్ బయటికి లాగేయకూడదు. పేగును ఉబ్బించడానికి స్కోప్‌లోంచి పంపే గాలి ఆపి కార్బన్ డయాక్సైడ్ పెట్టండి. నన్నడిగితే కేసు మొదలవకముందే అది ఆన్‌లో ఉండాలి. పొట్టలోకి లీకయినా ఒంట్లో త్వరగా ఇంకిపోతుంది, మామూలు గాలి అలా పోదు. లోపలి నీళ్లు సక్షన్ చేసి, చిల్లు పైవైపుకి వచ్చేలా పేషెంటును తిప్పితే మురికి బయటికి కారదు. పొట్ట బిగుసుకుపోయి బీపీ పడిపోతుంటే చిల్లు మూసే క్లిప్పుల సంగతి తర్వాత, ముందు డాక్టర్ పొట్టలోకి సూది గుచ్చి గ్యాస్ తీయాలి. లావు సూది ట్రేలో సిద్ధంగా ఉంచండి.

సెంటీమీటరు లోపు చిల్లుకు స్కోప్‌లోంచి వెళ్లే మామూలు క్లిప్పులు చాలు. క్లిప్ పూర్తిగా తెరిచి, చెప్పిన వైపు తిప్పి, ఆగండి. డాక్టర్ దాన్ని రెండు అంచులకూ ఆనించి కాస్త సక్షన్ ఇస్తారు. అంచులు లోపలికి వచ్చాక మెల్లగా మూయండి. పట్టు చూసుకుని ఆయన "వదులు" అన్నాకే క్లిప్ టక్‌మని విడిపోవాలి. తొందరపడితే ఆ క్లిప్ అడ్డంగా కూర్చుని తర్వాతిదానికి చోటివ్వదు. ఒక కొస నుంచి జిప్ మూసినట్టు వరసగా రావాలి.

చిల్లు అంతకన్నా పెద్దదైతే స్కోప్ కొనకు బిగించే పెద్ద క్లిప్ కావాలి. దానికి మాత్రం స్కోప్ బయటికి తీయక తప్పదు. ఏ స్కోప్‌కి ఏ సైజో డబ్బా మీద ముందే రాసుకోండి. ఖరీదైన సరుకని స్టోర్‌లో పెట్టి తాళం వేస్తారు, ఆ తాళం ఎవరి దగ్గరుందో పొద్దున్నే కనుక్కోండి. అన్నవాహికలో అయితే డాక్టర్ కవర్డ్ స్టెంట్ (చిల్లును లోపలి నుంచి కప్పే, పొర తొడిగిన జాలీ గొట్టం) కూడా అడగొచ్చు.

మూసుకున్నా సర్జన్‌కి ఫోన్ వెళ్లాల్సిందే. యాంటీబయాటిక్స్, అవసరమైతే సీటీ, నోటికి ఏమీ ఇవ్వకపోవడం. తిరుపతి, ఒంగోలు నుంచి వచ్చిన బంధువులకు ఈ చివరి మాట తెలుగులో గట్టిగా చెప్పండి: "అమ్మా, కొబ్బరినీళ్లు కూడా వద్దు. నొప్పి పెరిగినా, పొట్ట ఉబ్బినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా సిస్టర్‌ని పిలవండి."